మా నాన్న పేరు పడిన పేపరు కోసం గార్డెన్ రీచ్ దాకా

మా అమ్మకి చదువు రాదు. కానీ మా ఇంట్లో ఆవిడ గెలిచిన పెద్ద తగవులన్నీ ఒక పేపరు పేరు చెప్పే గెలిచింది. నేను ఐదో క్లాసు పాసైనప్పుడు పెద్దమావయ్య, "ఇంక చాల్లేవే, పలాస పంపించు, జీడిపప్పు ఒలుచుకుంటుంది" అన్నాడు. ఏడు పాసైనప్పుడు చిన్నమావయ్య అన్నాడు. పది పాసైనప్పుడు ఇద్దరూ కూడబలుక్కుని వచ్చి అన్నారు. ప్రతిసారీ అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఒకటే మాట. "దాన్ని సదివించమని దాని బాబు సెప్పినాడు. పేపర్లో పడింది. పేపర్లో పడిన మాట కాదండానికి నువ్వెవుడివి?" అంతే. పోలీసుని చూసినట్టు మావయ్యలిద్దరూ నోరు మూసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు.

మా నాన్న పేరు తవిటయ్య. కలకత్తా రేవులో ఓడల నుంచి బస్తాలు దించే కూలీ. నాకు ఏడో నెల నిండకముందే పనిలో ఉండగా బస్తాలు మీద పడి పోయాడు. అమ్మ నన్ను చంకనేసుకుని మెయిలు బండెక్కి సోంపేట దగ్గర పుట్టింటికి వచ్చేసింది. నాన్న ఫొటో లేదు, చేత్తో రాసిన ముక్క లేదు. మాకు మిగిలిందల్లా ఆ పేపరు మాట. ఆ రేవు పక్కనే కూలీలుండే గార్డెన్ రీచ్‌లో మనవాళ్ళు వేసుకునే 'రేవు కబుర్లు' అనే చిన్న తెలుగు పేపర్లో నాన్న గురించి చాలా రాశారట. "నా కూతుర్ని చదివించాలి" అని ఆయన అంటుండేవాడని కూడా అందులో పడిందట. ఆదివారం మధ్యాహ్నం దాలమ్మ అనే ఆవిడ ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఆ పేపరు చదివేదనీ, నాన్న గురించి కూడా తనే చదివి వినిపించిందనీ అమ్మ చెప్పేది. పేపరు మాత్రం మా దగ్గర లేదు. ఆ దుఃఖంలో తెచ్చుకోవాలని తోచలేదంది.

ఈ బ్లాగు చదివేవాళ్ళకి నా పిచ్చి తెలుసు. సెలవులొస్తే చాలు, చిన్న ఊళ్ళలో ఒకప్పుడు నడిచిన పేపర్ల ఆఫీసులు వెతుక్కుంటూ పోతాను. బరంపురంలో కిరాణా కొట్టుగా మారిన ప్రెస్సు గురించి రాశాను, టెక్కలిలో నాలుగు సంచికలకే మూతబడ్డ వారపత్రిక గురించి రాశాను. మరి ఊరందరి పేపర్ల వెంట తిరిగినదానివి, మీ ఇంటి పేపరు ఏమైందని మీరడిగితే ఒకటే జవాబు. భయం, అంతే. నేను హైస్కూల్లో సోషల్ టీచర్నయ్యానంటే ఆ ఒక్క మాట వల్ల అయ్యాను. మా నాన్న నాకిచ్చింది అదొక్కటే. అమ్మ ఉన్నన్నాళ్ళూ దాని జోలికి వెళ్ళబుద్ధి కాలేదు. అమ్మ మొన్న వేసవిలో పోయింది. రెండువేల ఎనిమిది డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల్లో, ఇంక ఆగలేక బయల్దేరాను. నాన్న అన్న మాట అచ్చులో ఒక్కసారి నా కళ్ళతో చూసుకోవాలి. ఆ పేజీ ఫొటో తీసుకుని ఫ్రేము కట్టించుకోవాలి. వెళ్ళింది అందుకే.

పలాసలో శనివారం సాయంత్రం ఆరున్నరకి ఎక్కితే తెల్లారి ఐదున్నరకి హౌరాలో దిగాను. స్లీపరు టికెట్టు రెండొందల ముప్ఫై చిల్లర. చలికాలంలో వెళ్ళేవాళ్ళు కింది బెర్తు కోసం ఆశపడకండి, తలుపు సందుల్లోంచి ఖరగ్‌పూర్ చలంతా మీ చెవిలోకే వస్తుంది. స్టేషను బయటికి వస్తే ఎదురుగా గంగ. టాక్సీవాళ్ళు మీద పడతారు గానీ ఎక్కకండి. ఎడమవైపు మెట్లు దిగితే లాంచీల రేవుంది, నాలుగు రూపాయల టికెట్టుకి బాబూఘాట్ దాకా తీసుకెళతారు. పొగమంచులో పెద్ద వంతెన సగమే కనిపించింది. మా అమ్మ కూడా నన్నెత్తుకుని ఇలాగే ఈ నీళ్ళు దాటి ఉంటుంది, ఎదురు దిశలో. అలా అనుకుంటూ రేవొచ్చేదాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

బాబూఘాట్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా పావుగంట నడక. దారిలో ఎర్రజెండాలు కట్టిన స్తంభాల కింద మట్టి ముంతలో టీ తాగాను, మూడు రూపాయలు. అక్కణ్ణించి ఖిదిర్‌పూర్ ట్రాము. బస్సయితే ఇరవై నిమిషాల్లో పోతుంది, ట్రాము నలభై తీసుకుంటుంది. అయినా ట్రామే ఎక్కండి. మైదానం గడ్డిలోంచి, చెట్ల మధ్య నుంచి, ఎవరికీ ఏ తొందరా లేనట్టు పోతుంది. ఎనిమిదిన్నరకి ఖిదిర్‌పూర్ డిపోలో దిగి, పాత ప్రెస్సులుండేవని విన్న వాట్‌గంజ్ వైపు నడిచాను. 'తెలుగు పేపరు అచ్చు వేసిన పాత ప్రెస్సు' అని నాకొచ్చిన మూడు ముక్కల హిందీలో అడిగితే నాలుగో మనిషి చెయ్యెత్తి చూపించాడు. "నిమాయి దాదా దగ్గరికి వెళ్ళు."

నిమాయి దాదాకి డెబ్భై దాటుంటాయి. ప్రెస్సు ముందు గదిలో, ఇల్లు వెనక గదిలో. కాలితో తొక్కే అచ్చు యంత్రం ఇంకా ఉంది, దానిమీద ఇప్పుడు బిల్లు పుస్తకాలు కొడుతున్నాడు. నేను 'రేవు కబుర్లు' అనగానే కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశాడు. "బోషో, బోషో" అని స్టూలు లాగాడు. కూర్చున్నాను. పళ్ళెంలో రెండు సందేశ్ పెట్టాడు. పొద్దున్నే తీపా అనుకున్నాను గానీ ఒంటిగంట దాకా నా కడుపులో ఉన్నవి అవే.

ఆయన హిందీ, బెంగాలీ కలిపి చెప్పిన పేపరు చరిత్ర ఇదీ. జాన్ మాస్టారని గుంటూరు వైపు క్రైస్తవుడు, రైల్వే స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. రేవులో పనిచేసే శ్రీకాకుళం వాళ్ళకి ఉత్తరాలు రాసి రాసి, అందరి కబుర్లూ ఒకచోట వేస్తే పోదా అని ఈ పేపరు మొదలుపెట్టాడు. నాలుగు పేజీలు, వారానికొకటి. ఏ ఓడ ఎప్పుడొస్తుంది, ఎవరింట్లో పిల్ల పుట్టింది, ఈ వారం ఊరికెళ్ళేది ఎవరు, వాళ్ళ చేత బట్టలు, మందులు ఎవరు పంపుకోవచ్చు, యూనియను మీటింగు ఎక్కడ, బియ్యం ధర ఎంత. తెలుగు సీసపు అక్షరాలు చెక్కపెట్టెలో రైల్లో వచ్చాయి. అవి చాలా కొద్ది. ఒక పేజీ కూర్చి, కొట్టి, విడదీసి, మళ్ళీ అవే అక్షరాలతో ఇంకో పేజీ కూర్చాలి. ఒకసారి పేజీ బిగించాక మాస్టారు నెత్తీనోరూ బాదుకున్నా మార్చడానికి వీల్లేదు.

"మీకు తెలుగు ఎవరు నేర్పారు?" అన్నాను.

"తెలుగా? నాకు రాదు" అన్నాడు.

నోరు వెళ్ళబెట్టాను. పదిహేనేళ్ళు పేపరు కూర్చినవాడికి తెలుగు రాదట! మాస్టారు పెద్ద అక్షరాలతో రాసిచ్చేవాడు. ఈయన ఆ ఆకారానికి తగ్గ సీసపు ముక్క వెతికి పెట్టేవాడు. "మీ అక్షరాలన్నీ గుండ్రం. ఒకదానికి తోక, ఒకదానికి టోపీ. తోకా టోపీ సరిపోతే చాలు" అని నవ్వాడు. అన్నేళ్ళలో తను కూర్చినదాంట్లో ఒక్క కబురూ ఆయనకి తెలీదు. అంకెలు మాత్రం ఇంగ్లీషువి కాబట్టి తెలుసు.

మాస్టారు పోయాక పేపరు ఆగిపోయింది. అప్పటికే రేవులో పెద్ద పెద్ద ఇనప డబ్బాల్లో సరుకు రావడం మొదలై కూలీలు పలచబడ్డారు. వాళ్ళ పిల్లలు బెంగాలీ, హిందీ చదువుకున్నారు. పాత సంచికలన్నీ నిమాయి దాదా బీరువాలోనే ఉన్నాయి, ఏడాదికొక బైండు. వానాకాలం నీళ్ళకి కింది అర పాడైపోయింది. నాక్కావలసింది పై అరలో ఉంది. దసరా పూజలయ్యాక వచ్చిన రెండో ఆదివారం అని అమ్మ చెప్పిన గుర్తు. పేజీలు తిప్పాను. మొదటి ఆదివారం ఉంది. మూడో ఆదివారం ఉంది. మధ్యలోది లేదు. కుట్టు దగ్గర బ్లేడుతో శుభ్రంగా కోసేసి ఉంది.

నిమాయి దాదా వంగి అంకెలు చూసి, "ఓ, అదా. దాలమ్మ మాసీ పట్టుకెళ్ళింది" అన్నాడు. మాసీ అంటే పిన్ని. మాస్టారు చనిపోయిన వారంలోనే ఆవిడ వచ్చి, ఈ ఒక్కటీ కావాలని అడిగిందట. ఏ ఆదివారమో చెబితే తనే అంకెలు చూసి వెతికిచ్చాడట.

"ఆవిడకి చదువొచ్చుగా, ఆవిడే వెతుక్కోవచ్చుగా?"

"కళ్ళజోడు తేలేదంది."

ఖిదిర్‌పూర్ నుంచి గార్డెన్ రీచ్‌కి షేరు ఆటో, ఆరు రూపాయలు. డ్రైవరు పక్కన నేనూ, వెనక ముగ్గురూ. నిమాయి దాదా చెబితే రాసుకున్న దాలమ్మ అడ్రసు చదువుతుంటే, కాగితం మీద నా తెలుగు రాత చూసి, "ఇది మా ఇంట్లో బాస గదా" అన్నాడు. పాతికేళ్ళ మనిషి. వాళ్ళ తాతది మా సోంపేట పక్క కవిటి. తెలుగు మాట్లాడతాడు గానీ ఒక్కక్షరం చదవలేడు. రేవు మీద వంతెన దగ్గర ఆగిపోయాం. ఓడ లోపలికి వస్తుంటే వంతెన పైకి లేపుతారు, అది దాటి మళ్ళీ దించేదాకా బస్సులూ లారీలూ అన్నీ ఆగాల్సిందే. మాకు ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఒక గంట ఎక్కువే లెక్కేసుకోండి.

"దాలమ్మ మాసీ ఇంటికా? పేపర్ మాసీ?" అన్నాడు ఇంజను ఆపి. "నా సిన్నప్పుడు మా అమ్మ ఆదివారం పొయ్యి మీద అన్నం కూడా ఒగ్గేసి పోయేది, ఆ మాసీ సదువుతుంటే వినడానికి. మొగోళ్ళకి టీ కొట్టు కాడ ఇంకెవురో సదివేవోరు. అక్కడ పది నిమిషాల్లో అయిపోయేది. మాసీ కాడ రెండు గంటలు పట్టేది."

"అదే పేపరా?"

"అదే పేపరు" అని నవ్వాడు. నాకు అప్పుడైనా బుర్ర వెలగలేదు. దాలమ్మ మీద కోపంలో ఉన్నాను. ఊరందరి పేపరు కోసుకుపోవడానికి ఈవిడెవరు? ఇంత దూరం వచ్చినదాన్ని, ఇవాళ అటో ఇటో తేల్చుకునే వెళతాను అనుకున్నాను.

కూలీల లైనిళ్ళలో చివరిది ఆవిడది. ఒకటే గది, ముందు చిన్న అరుగు. సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టు గట్టిగా ముడివేసుకుని అరుగు మీద చేపలు శుభ్రం చేస్తోంది.

"ఎవురమ్మా? ఏటి కావాల?"

"రేవు కబుర్లు పాత సంచిక ఒకటి మీ దగ్గరుందని నిమాయి దాదా చెప్పాడు."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "నేదు. సెదలు తినీసింది" అని మళ్ళీ చేప అందుకుంది. నా మొహం కూడా సరిగా చూడలేదు.

"నేను తవిటయ్య కూతుర్ని. మా అమ్మ పున్నమ్మ."

చేప జారి నీళ్ళలో పడింది. ఆవిడ తల ఎత్తి నన్ను చూసిన చూపు నేను ఈ జన్మలో మరిచిపోను. సంతోషమా, బెదురా చెప్పలేను. "ఓలమ్మ ఓలమ్మ" అంటూ లేచి, చేపల చేతులు నాకు తగలకుండా ఎడంగా పెట్టి మోచేతులతోనే నన్ను కావలించుకుంది. "ఇంతున్నావే నువ్వు. నా ఒళ్ళో ఉచ్చపోసినావు. మీ అమ్మేదీ? ఆవిడ్ని తేలేదేటి?"

అమ్మ పోయిందని చెప్పాను. అరుగు మీద చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కోపం తెచ్చుకుని వెళ్ళినదాన్ని, ఆ కోపం ఎటు పోయిందో తెలీదు.

అన్నం తినకుండా మాట్లాడనివ్వలేదు. చింతపండు పులుసు మన పద్ధతే, పక్కన గసగసాలేసిన బంగాళాదుంప కూర వాళ్ళ పద్ధతి. ఇంకా వెయ్యనా, ఇంకా వెయ్యనా అంటూ అమ్మ సంగతులన్నీ అడిగింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదా, మావయ్యలు సరిగా చూశారా, ఏం జబ్బు చేసింది. అన్నీ చెప్పాను. ఆఖరుకి, నా మొహం చూడకుండా, పులుసు గిన్నె మీద మూత సర్దుతూ అడిగింది.

"మరి నువ్వేటి సేస్తన్నావమ్మా?"

"టీచర్ని పెద్దమ్మా. హైస్కూల్లో."

ఆవిడ మూత మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. "అయితే సదూకున్నావు" అంది చాలా నెమ్మదిగా. "బాగా సదూకున్నావు."

"చదువుకున్నాను. నాన్న మాట పేపర్లో పడిందని అమ్మ ఎవ్వర్నీ అడ్డు రానివ్వలేదు. అందుకే పెద్దమ్మా, ఆ పేపరు ఒక్కసారి చూపించు. ఫొటో తీసుకుని ఇచ్చేస్తాను. పట్టుకుపోను."

ఇంక బతిమాలక్కర్లేకపోయింది. మంచం కిందనుంచి రేకు పెట్టె లాగి, చీరల అడుగునుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. రెండు చేతులతో నాకిచ్చి, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

నాలుగు పేజీలూ చూశాను. మళ్ళీ చూశాను. మూడో పేజీ అడుగున, బియ్యం ధరకీ చర్చిలో పాటల సాధన ప్రకటనకీ మధ్య ఉంది. "గత మంగళవారం రేవులో సరుకు దించుచుండగా బస్తాలు జారిపడి ఇద్దరు గాయపడిరి. సోంపేట తాలూకా వాస్తవ్యుడు తవిటయ్య మరణించెను." అంతే. రెండు వరసలు. కూతురు లేదు. చదువు లేదు. ఆయన ఏమీ అనలేదు.

"మిగతాదేది?" అన్నాను. నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది.

"ఇంకేటుంటాది? అదే."

"మరి అమ్మకి నువ్వేం చదివావు?"

అప్పుడు చెప్పింది. కళ్ళు తెరవకుండానే చెప్పింది. "నాకు సదువు రాదమ్మా."

శనివారం సాయంత్రం పేపరు అచ్చయి రాగానే దాలమ్మ మాస్టారింటికి వెళ్ళేదట. ఆయన మొదట్నించి చివరిదాకా రెండుసార్లు చదివేవాడట. ఈవిడకి రెండుసార్లు వింటే చాలు, మొత్తం నోటికొచ్చేస్తుంది. ఆదివారం పేపరు చేత్తో పట్టుకుని, వేలు పెట్టి, వరస వరసా చదివినట్టే చెప్పేది. గొంతు బాగుంటుంది, ఆడవాళ్ళకి అర్థమయ్యేలా చెబుతుంది, అందుకని మాస్టారే ఆ పని అప్పగించాడు. ఆవిడకి చదువు రాదని మాస్టారికి తప్ప పురుగుక్కూడా తెలీదు. ఆ పేపరు కూర్చినవాడికి తెలుగు రాదు, చదివినావిడకి చదువు రాదు. అయినా పదిహేనేళ్ళు నడిచింది.

"ఆ వారం పేపరు అప్పటికే బిగించీసినారు. రెండు వరసలే జాగా ఉన్నాదంట. ఒచ్చే వారం బాగా రాద్దారి దాలమ్మా అన్నారు మాస్టారు. ఆదివారం మీ అమ్మ ఒచ్చి నా ఎదురుగా కూకుంది. ఇరవయ్యేళ్ళు లేవు దానికి. నువ్వు ఒళ్ళో ఉన్నావు. మొగుడు పేపర్లో పడ్డాడని దానికెవురో సెప్పినారు. మా ఆయన గురించి ఏటి రాసినారో సదవ్వా అప్పా అంది. ఆ రెండు ముక్కలూ సదివినాను. ఇంకా సదువు అన్నట్టు సూస్తంది. ఏటి సెయ్యమన్నావు? బియ్యం దర సదవమన్నావా?"

నేను ఆ రెండు వరసలూ మళ్ళీ చదువుకున్నాను.

"ఇంక ఆపలేదు. మంచోడని సదివినాను, అది నిజిమే. సుట్ట ముట్టడని సదివినాను, అదీ నిజిమే. జరమొచ్చినోడి బస్తాలు కూడా ఆడే మోసీవోడు, లైను లైనంతా ఎరుగు. ఆకరికి నిన్ను సూసినాను. ఈ గుంటని ఊరికట్టుకెల్తే ఏటవుతాది? నా బతుకులాగే అవుతాది. కాయితం అట్టుకుని దొంగలాగ బతకాల. అందుకని అది సదివినాను. నా కూతుర్ని సదివించాల, ఎవురడ్డొచ్చినా సదివించాల అని తవిటయ్య ఎప్పుడూ అంటుండీవోడని సదివినాను."

"నాన్న నిజంగా అనలేదా పెద్దమ్మా?"

"నాతో అన్లేదమ్మా. మీ అమ్మతో అన్నాడేటో నానెరగను. సచ్చిపోయినోడి నోట్లో మాటెట్టినాను. పాపమే. మాస్టారికి సెప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. ఒచ్చే వారం అచ్చేసేద్దారా అన్నారు. ఒద్దన్నాను. మీ అమ్మ అప్పుడికే రైలెక్కీసింది, ఇంకెవురికోసరం?"

కోపం వచ్చింది. అబద్ధం చెప్పను. ముప్ఫై ఏళ్ళు రాబోతున్నదాన్ని, ఒక్క క్షణంలో తండ్రి లేనిదాన్నైపోయాను. "మరి దీన్ని కోసి ఎందుకు దాచావు? ఎవరికి తెలుస్తుందని?" అన్నాను.

"నీకోసరమే దాచినాను. సదూకోపోతే నువ్వు రావు. సదూకుంటే ఏనాడో ఒకనాడు నీ బాబు పేరు సూసుకోడానికి ఒస్తావు. ఒచ్చి సదివీసుకుంటావు. అందులో ఏటీ నేదని తెలిసిపోద్ది. మాస్టారు పోనాక ఆ బయిమే పట్టుకుంది నాకు. నిమాయి కాడ ఉండకూడదని తెచ్చీసినాను."

"కాల్చెయ్యలేకపోయావా?"

"నీ బాబు పేరున్నాది గదా అందులో. ఎలాగ కాలస్తాను?"

బయట ఎవరో బెంగాలీలో చేపలమ్మిని పిలుస్తున్నారు. ఆవిడ నా చేతుల వంక చూస్తోంది, ఆ కాగితం చింపేస్తానేమో అన్నట్టు. డెబ్భై ఏళ్ళ మనిషి, నా తీర్పు కోసం కూర్చుంది. చివరికి అడిగాను.

"అమ్మ విని ఏమంది?"

"ఏడుపాపేసింది. మళ్ళీ సదవ్వా అప్పా అంది. సదివినాను. మళ్ళీ అంది. మూడుసార్లు సదివించింది."

"అమ్మకి తెలిసిందంటావా, నువ్వు చదవట్లేదని?"

"ఎదురుగా కూకుందమ్మా. నా కళ్ళు కాయితం మీద లేవు, నీ మీద ఉన్నాయి. సూసే ఉంటాది."

మా అమ్మ తెలివైనది. రెండు వరసల్లోంచి అంత మాట రాదని ఆవిడకి తెలీకుండా ఉంటుందా? తెలిసీ మూడుసార్లు చెప్పించుకుని, ఒక్క ముక్క పోకుండా మోసుకొచ్చి, మావయ్యల ముందు గుమ్మంలో నిలబడిందా? నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కోపంతో కాదు. ఇద్దరు చదువురాని ఆడవాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ, మధ్యలో ఒక కాగితం పెట్టుకుని, నన్ను బడిలో కూర్చోబెట్టారు.

పేపరు ఆవిడ చేతికిచ్చేశాను. "చదువు పెద్దమ్మా" అన్నాను.

"ఏటి?"

"ఆ రోజు చదివినట్టే. నేను పెద్దయ్యాను, ఈసారి నాకు అర్థమవుతుంది."

నన్ను చూసింది. నేను ఆట పట్టించట్లేదని తెలిశాక లేచి మొహం కడుక్కుంది, కొంగు సర్దుకుంది. కళ్ళజోడు కోసం వెతకలేదు. పేపరు మూడో పేజీకి మడిచి, బియ్యం ధర కింద వేలు పెట్టింది. గొంతు మారిపోయింది. అరుగు ముందు పాతికమంది కూర్చున్నట్టు చదివింది. మా నాన్న జ్వరం వచ్చినవాడి బస్తాలు మోశాడు. చుట్ట ముట్టలేదు. వానలో ఎవరో ముసలావిడని ఎత్తుకుని వంతెన దాటించాడు. నా కూతుర్ని చదివించాలి, ఎవరడ్డొచ్చినా చదివించాలి అన్నాడు. పావుగంట చదివింది. వేలు ఆ రెండు వరసలు దాటలేదు. అయిపోయాక నేను మళ్ళీ చదవమన్నాను.

ఫొటో తీసుకోలేదు. నాలుగింటికి ఆవిడ దగ్గర సెలవు తీసుకుని, అదే ఆటో, అదే లాంచీ పట్టుకుని హౌరా చేరాను. ఇన్నాళ్ళూ చిన్న పేపర్ల చరిత్రంటే బీరువాల్లో బైండ్లనుకుని తిరిగాను. ఏ సంచికలో ఏం పడిందో రాసుకున్నాను గానీ, దాన్ని ఎవరు ఎవరికి ఎలా చదివారో ఏ ఊళ్ళోనూ అడగలేదు. బరంపురంలో అడగలేదు, టెక్కలిలో అడగలేదు. అడిగితే ఇంకా ఎంతమంది దాలమ్మలు బయటపడేవారో. నాన్న ఆ మాట అన్నాడో లేదో నాకు ఇంక ఎప్పటికీ తెలీదు. అనే ఉంటాడని నాకు నేను చెప్పుకోవడం లేదు. ఆయన పోయిన నాలుగైదు రోజులకే ఆ మాట అనాలని ఒకావిడకి తోచింది, దాన్ని నమ్మాలని ఇంకొకావిడకి తోచింది. నాకు తండ్రిగా అది చాలు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళండి, అందరూ ఇళ్ళలో ఉంటారు. సంచిలో ఆ వారం తెలుగు పేపరొకటి పెట్టుకోండి, అక్కడ దొరకదు. పెద్దవాళ్ళెవరైనా అది అందుకుని మీకు చదివి వినిపిస్తానంటే ఎదురుగా కూర్చుని వినండి. పక్కకి వెళ్ళి, భుజం మీంచి తొంగిచూడకండి.